డోలమైట్స్‌లో ఆరు రాత్రులు: పొద్దున కొండ, మధ్యాహ్నం వైన్, రాత్రి మిషెలిన్ డిన్నర్. ఏజెంట్ ప్లాన్ ఇది, అయ్యే పనేనా?

#1 నెల్లూరు_మొలగొలుకులు
ఇద్దరం, సెప్టెంబర్ మూడో వారం, ఇటలీ ఉత్తరాన సౌత్ టిరోల్. హోటల్ ఓర్టిసేయ్‌లో, హాఫ్ బోర్డ్, ఆరు రాత్రులూ అక్కడే. హైదరాబాద్ ఏజెంట్ పంపిన మూడో రోజు ప్లాన్ చూడండి:

ఉదయం 8: పిషాదు వియా ఫెర్రాటా (రాతి గోడకి బిగించిన ఇనప కేబుల్ పట్టుకుని ఎక్కే దారి)
మధ్యాహ్నం 2: ట్రమీన్‌లో వైన్ టేస్టింగ్, ఆరు రకాలు
రాత్రి 7:30: బ్రూనికోలో మిషెలిన్ గైడ్ నక్షత్రాలున్న చోట టేస్టింగ్ మెనూ (చిన్న చిన్న ప్లేట్ల వరస) డిన్నర్

కింద చిన్నక్షరాల్లో "సెల్ఫ్ డ్రైవ్". అయిదో రోజూ ఇదే వరస, ఊళ్ళ పేర్లే వేరు. ఇదేంటని అడిగితే "అందరూ చేస్తారు సార్" అంటున్నాడు.

ఇద్దరికీ నడక అలవాటే, కేబుల్ పట్టుకుని రాయి ఎక్కింది లేదు. వైన్ సంగతి ఇద్దరికీ సున్నా. ఆవిడ గుడ్డు వరకే. నాకు కోడి, మేక, చేప ఓకే, గొడ్డూ పందీ వద్దు. తెలిసినవాళ్ళు ఉతికి ఆరేయండి.

#2 ఓరుగల్లు_ఓపిక
ఉతుకుడు సంగతి తర్వాత, ముందు కిలోమీటర్లు లెక్కపెట్టు తమ్మీ. పిషాదు దగ్గరి కనుమ గార్డెనా పాస్ నుంచి ట్రమీన్ 75 దాకా ఉంటది, గంటన్నర పైనే. ట్రమీన్ నుంచి బ్రూనికో ఇంకో 100. రాత్రి బ్రూనికో నుంచి ఓర్టిసేయ్ 65 పైన. పొద్దున పాస్ ఎక్కుడు కలుపుకుంటే ఒక్క రోజుల 260 కిలోమీటర్లు, సగం వంకర్ల రోడ్డు. పిషాదు మామూలోళ్ళకే ఎక్కి దిగనీకి అయిదు గంటలు. 8కి మొదలువెడితే 1కి కారు కాడికొస్తవ్. చెమట బట్టల మీద వైన్ టేస్టింగా?

#3 ద్రాక్షపాదు
దూరం పక్కన పెట్టండి, తాగి నడపడం కుదరదు. లెక్క ఇదిగో. టేస్టింగ్‌లో ఒక్కో వైన్ 40 మి.లీ. పోస్తారనుకుందాం. ఆరు కలిపి 240 మి.లీ. సగటు 13.5 శాతం అంటే దాదాపు 25 గ్రాముల ఆల్కహాల్. 70 కిలోల మగమనిషి రక్తంలో లీటరుకు 0.5 గ్రాములు దాటుతుంది, 55 కిలోల ఆడమనిషికి 0.8 పైకి పోతుంది. ఇటలీలో పరిమితి 0.5. లైసెన్స్ తీసుకుని మూడేళ్ళు నిండనివాళ్ళకి సున్నా. ఒంట్లోంచి పోయేది గంటకు 0.1 నుంచి 0.15, అంతే. కాఫీ తాగినా, చన్నీళ్ళు కొట్టుకున్నా అది పెరగదు. ఆ తర్వాత బ్రూనికోలో డిన్నర్‌తో పాటు వైన్ పెయిరింగ్, అంటే ప్లేటుకో వైన్, ఇంకో ఆరేడు గ్లాసులు. మరి ఓర్టిసేయ్‌కి స్టీరింగ్ ఎవరు పట్టుకుంటారు?

#4 కారప్పొడి_కింగ్
ఏజెంట్.

#5 మ్యూనిక్_గోంగూర
#3కి కలుపు: టేస్టింగ్ బల్ల మీద ఉమ్మడానికి గిన్నె ఉంటుంది, అడక్కుండానే పెడతారు. ఉమ్మితే మర్యాద తక్కువ అనుకుంటారు మనవాళ్ళు. వృత్తిలో ఉన్నవాళ్ళు అందరూ ఉమ్మేస్తారు, మిగిలింది గిన్నెలో పారబోస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ఉమ్మినా కొంత ఒంట్లోకి పోతుంది కాబట్టి డ్రైవర్ రెండు రకాలతో ఆపేయాలి.

ఇంతకీ కారు ఎందుకు? సౌత్ టిరోల్‌లో చాలా హోటళ్ళు గెస్ట్ పాస్ ఇస్తాయి. ప్రాంతీయ బస్సులు, రైళ్ళు ఫ్రీ. ఓర్టిసేయ్ నుంచి బోల్జానోకి బస్సు, అక్కడి నుంచి ద్రాక్ష ఊళ్ళు కాల్టెర్న్, ట్రమీన్‌లకి ఇంకో బస్సు. ఇద్దరూ నిశ్చింతగా తాగొచ్చు. హోటల్‌కి మెయిల్ పెట్టి "గెస్ట్ పాస్ ఉందా" అని ఒక్క లైను అడగండి.

#6 ఓరుగల్లు_ఓపిక
బస్సు పగటికి మంచిదే. రాత్రి 10:30కి బ్రూనికోల డిన్నర్ అయినంక ఏ బస్సొస్తది గోంగూరన్నా? లోయ మారాలె, రెండు చోట్ల దిగి ఎక్కాలె.

#7 మ్యూనిక్_గోంగూర
అందుకే ఆ రాత్రి బ్రూనికోలోనే పడుకోవాలి. ఆరు రాత్రులూ ఒకే ఊళ్ళో అనేదే ఈ ప్లాన్‌కి రోగం. కొండ లోయలు వేరు, ద్రాక్ష లోయ వేరు. బోల్జానో సముద్రమట్టానికి 262 మీటర్లు, గార్డెనా పాస్ 2121. వైన్ కిందే ఉంటుంది, రాయి పైనే ఉంటుంది. రోజూ ఆ 1850 మీటర్లు దిగి ఎక్కుతానంటే సెలవంతా కారు కిటికీలోంచి చూడ్డమే.

#8 నల్లమల_నడక
నాకు అసలు భయం పిషాదు దగ్గర. మొదటి వియా ఫెర్రాటా అదే పెట్టడం తప్పు. దాని గ్రేడ్ సి (ఎ తేలిక, అక్షరం పెరిగేకొద్దీ కష్టం). నిలువు గోడ మీద కేబుల్, ఇనప మెట్లు, చివర ఎక్స్‌నర్ టవర్ అని ఇంకా నిటారు భాగం, దాన్ని దాటాక వేలాడే వంతెన. కార్ పార్క్ 1950 మీటర్ల దగ్గర, పైన కొండెక్కేవాళ్ళు ఆగి తినే గుడిసె 2585. ఎక్స్‌నర్ ముందు పక్కకి తప్పుకునే దారి ఉంది, చేతులు అయిపోయినవాళ్ళు అక్కడ బయటపడాలి. దిగేది వల్ సెతుస్ లోయలోంచి. రాళ్ళు జారే దారి, అక్కడక్కడ కేబుల్. ఎక్కడం కన్నా మోకాళ్ళకి ఇదే పని చెబుతుంది.

మొదటిది గ్రాన్ చీర్ చేయండి. గార్డెనా పాస్ నుంచే మొదలు, శిఖరం 2592, అంటే 470 మీటర్ల ఎక్కుడు. గ్రేడ్ ఎ-బి. కేబుల్ ఉన్న ముక్కలు పొట్టివి, మిగతాది నడకే. పైకి గంటన్నర పడుతుంది. అది హాయిగా అనిపిస్తే ఒక రోజు ఆగి పిషాదు, అదీ గైడ్‌తో.

#9 అద్దంకి_అబ్బాయి
గైడ్ డబ్బు దండగ బ్రో. కేబుల్ పొడుగునా ఉంటుంది, కొక్కేలు తగిలించుకుంటూ పోవడమే. కిట్ అద్దెకి 20 యూరోల అటూ ఇటూ, గైడ్‌కి మనిషికి వంద దాకా. ఆ డబ్బుతో ఇంకో డిన్నర్ వస్తుంది.

#10 నల్లమల_నడక
@అద్దంకి_అబ్బాయి "తగిలించుకుంటూ పోవడమే" అన్న దాంట్లోనే ఎన్ని తప్పులు జరుగుతాయో రాస్తాను.

కిట్ అంటే మూడు: హెల్మెట్, నడుము హార్నెస్, రెండు చేతుల లాన్యార్డ్ (హార్నెస్ నుంచి కేబుల్‌కి తగిలించే, రెండు కొక్కేల పట్టీ). లాన్యార్డ్ మధ్యలో కుట్టిన సంచీ లాంటిది అబ్జార్బర్. పడితే అది కుట్లు తెంపుకుంటూ విప్పుకుని దెబ్బని మింగుతుంది. ఇది లేకుండా మామూలు స్లింగ్‌తో, అంటే ఉత్త పట్టీతో, ఎక్కేవాళ్ళని చూస్తుంటాం, అది చావు బేరం. కారణం: మామూలు రాక్ క్లైంబింగ్‌లో ఫాల్ ఫ్యాక్టర్, అంటే పడిన దూరాన్ని తాడు పొడవుతో భాగిస్తే వచ్చేది, 2 దాటదు. ఇక్కడ నిలువు కేబుల్ మీద కొక్కెం, కేబుల్‌ని రాయికి బిగించిన కింది మేకు దాకా జారిపోతుంది. మేకుల మధ్య 4 మీటర్లు ఉంటే, మీటరు లాన్యార్డ్‌తో అది 5 దాటుతుంది. స్లింగ్ తెగుతుంది, లేదా నడుము విరుగుతుంది.

అబ్జార్బర్ మీద ఈఎన్ 958, 2017 అని యూరప్ ప్రమాణం ముద్ర ఉండాలి. అది 40 నుంచి 120 కిలోల మనిషికి పరీక్షించింది. ఆ 40 కిలోలు బ్యాగ్ కాకుండా. ఒకసారి కుట్లు విప్పుకున్నది మళ్ళీ పనికిరాదు, అద్దెకి తీసుకునేటప్పుడు సంచీ తెరిచి చూడండి.

మేకు దగ్గర ఒక కొక్కెం తీసి అవతల తగిలించాకే రెండోది తీయాలి. రెండూ ఒకేసారి గాల్లో ఉండకూడదు. నడుముకి ఉన్న మూడో పొట్టి లూప్ నిలబడి చేతులకి విశ్రాంతి ఇవ్వడానికి, ఎక్కేటప్పుడు దాన్ని తగిలించి వదిలేయకండి. రెండు మేకుల మధ్య ఒక్క మనిషే. జంటలు చేసే తప్పు ఇదే, సెల్ఫీ కోసం ఇద్దరూ ఒకే ముక్కలో నిలబడతారు. పైనున్నవాళ్ళు జారితే కిందవాళ్ళ నెత్తిమీదే.

చేతులతో లాక్కుంటూ ఎక్కేవాళ్ళు ఇరవై నిమిషాల్లో అయిపోతారు. బరువు కాళ్ళ మీద, చెయ్యి నిటారుగా, కేబుల్ సాయానికే. గైడ్ నేర్పేది ఇది. వీడియోలో చూసి వచ్చేది కాదు.

#11 అద్దంకి_అబ్బాయి
సరే గురువుగారూ, గ్రాన్ చీర్‌కైనా గైడ్ అక్కర్లేదు అనండి, చాలు.

#12 నల్లమల_నడక
గ్రాన్ చీర్‌కి అక్కర్లేదు, వాతావరణం బాగుంటే. పిషాదుకి వీళ్ళిద్దరికీ కావాలి. ఓర్టిసేయ్, సెల్వా, కోర్వారాల్లో గైడ్ల ఆఫీసులు ఉన్నాయి, సీజన్‌లో చిన్న గుంపులుగా తీసుకెళ్తారు. ముందు రోజు సాయంత్రం ఫోన్ చేస్తే చాలాసార్లు చోటు దొరుకుతుంది.

#13 పెరుగన్నం
ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ అనలేదు. ఇన్సూరెన్స్. షెంగెన్ వీసాకి 30,000 యూరోల పాలసీ కొంటాం కదా, మన దగ్గర అమ్మే వాటిలో చాలా వాటికి "అడ్వెంచర్ స్పోర్ట్స్" మినహాయింపు ఉంటుంది. క్లైంబింగ్, పారాగ్లైడింగ్ అన్నీ అందులోకే. వీసాకి ఆ కాగితం చాలుతుంది గానీ కొండ మీద పనికిరాదు. కొనేముందు "వియా ఫెర్రాటా విత్ ఎక్విప్‌మెంట్ కవర్ అవుతుందా, హెలికాప్టర్ రెస్క్యూ ఉందా" అని రాతపూర్వకంగా అడగండి. రైడర్ (అదనపు కవర్) కలిపితే పెరిగే ఖర్చు పెద్దదేం కాదు. దెబ్బ తగలకుండా ఊరికే ఇరుక్కుని పిలిచినా హెలికాప్టర్‌కి బిల్లు వేస్తారక్కడ. ఎమర్జెన్సీ నంబర్ 112.

#14 శాకాహారి_శారద
నెల్లూరు గారూ, మీ ఆవిడ భోజనం సంగతి. హాఫ్ బోర్డ్ అంటే ఉదయం టిఫిన్, రాత్రి నాలుగైదు కోర్సుల భోజనం ముందే కట్టేశారని. దాని మీద మిషెలిన్ డిన్నర్లు రెండు పెట్టాడంటే ఆ రెండు రాత్రులూ రెండుసార్లు కడుతున్నారు. కొన్ని హోటళ్ళు ముందే చెబితే ఆ రాత్రి తగ్గిస్తాయి, చాలా హోటళ్ళు తగ్గించవు. అది తేల్చుకోండి ముందు.

ఇక తిండి. ష్లుట్స్‌క్రాప్‌ఫెన్ అని అర్ధచంద్రాకారపు పిండి మడతలు, లోపల పాలకూర, రికోటా, పైన కరిగించిన వెన్న. గుడ్డు తినేవాళ్ళకి ఇది నిర్భయంగా. క్నోడెల్ అంటే పాత రొట్టె ముక్కలతో చేసిన ఉండలు. పాలకూరవి, జున్నువి అడగండి, ష్పెక్ క్నోడెల్ వద్దు, అది పొగపెట్టిన పంది. కైజర్‌ష్మారన్ ముక్కలుగా చీల్చిన తీపి అట్టు, మధ్యాహ్నం గుడిసెల్లో అదే భోజనం.

మోసం చేసేవి: క్నోడెల్ సూప్‌లో ఉండ శాకాహారమైనా నీళ్ళు గొడ్డు మాంసం రసం. బార్లీ సూప్‌లో పొగపెట్టిన పంది ముక్కలు, చాలాసార్లు మెనూలో రాయరు. గులాష్ గొడ్డుదే. కార్నె సలాదా అని చల్లగా పల్చటి ముక్కలు వస్తాయి, అదీ గొడ్డే, అయ్యగారు చూసుకోవాలి. పార్మిజానో, గ్రానా జున్నులు దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో చేస్తారు. పన్నాకోటాలో జెలటిన్. వీటిని పట్టించుకుంటారా లేదా అన్నది ఆవిడ ఇష్టం, తెలిసుండాలి అంతే.

అక్కడ జర్మనే ఎక్కువ. "కైన్ ఫ్లైష్, కైనె ఫ్లైష్‌బ్రూయె, కైనె జెలాటీనె" అని ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మాంసం వద్దు, మాంసం రసం వద్దు, జెలటిన్ వద్దు. "వెజిటేరియన్" అన్న ఒక్క మాటతో రసం ఆగదు.

#15 కారప్పొడి_కింగ్
వెన్నలో ముంచిన పాలకూర మడతలు. ఆవకాయ సీసా ఏ జేబులో పెట్టుకోవాలో కూడా చెప్పు అక్కా.

#16 శాకాహారి_శారద
చెక్-ఇన్ బ్యాగులో, రెండు కవర్లు తొడిగి. గుడిసెలో తీయకండి, పక్క బల్ల వాళ్ళు వైన్ వాసన చూసుకుంటుంటారు.

#17 బెజవాడ_బఫే
బ్రూనికో అంటే మోస్‌మర్ రెస్టారెంట్ అయ్యుంటుంది, షెఫ్ నార్బర్ట్ నీడర్‌కోఫ్లర్ నడిపేది. ముందు సాన్ కాసియానోలో సెయింట్ హుబెర్టుస్ ఆయనదే, అది 2023లో మూతపడింది. అదే ఏడాది బ్రూనికోలో ఉన్నిబట్టల ఫ్యాక్టరీ యజమాని పాత భవనంలో మోస్‌మర్ మొదలుపెట్టారు, ఆ ఏడాది చివరికే మూడు నక్షత్రాలు. ఆయన పద్ధతి "కుక్ ద మౌంటెన్". నిమ్మజాతి పళ్ళు, ఆలివ్ నూనె వాడరు, సముద్రపు చేప ఉండదు. పులుపు కావాలంటే ఊరబెట్టిన పళ్ళూ ఆకులూ, చేప అంటే మంచినీటిదే. ఇటలీ కదా అని పాస్తా, టొమాటో ఊహించుకుని వెళ్తే నిరాశే. పులుపంటే ప్రాణం పెట్టే మనకి మాత్రం ఆ ఊరబెట్టిన రుచులు తొందరగా ఎక్కుతాయి.

అలాంటి చోట బుకింగ్‌కి కార్డు నంబర్ తీసుకుంటారు, రాకపోతే మనిషికింత అని కోస్తారు. ఆహార నియమం బుక్ చేసేటప్పుడే రాయాలి, బల్ల దగ్గర కూర్చుని చెబితే వంటింటికి చేయడానికి ఏమీ ఉండదు. మూడు గంటలు పడుతుంది. వారానికి రెండు రోజులు మూసే చోట్లు ఎక్కువ, ఏజెంట్ తేదీ వేసేముందు చూశాడా అడగండి.

#18 అద్దంకి_అబ్బాయి
మూడు నక్షత్రాల చోటికి వైన్ సంగతి సున్నా, మాంసం సగం వద్దు అనేవాళ్ళు వెళ్ళడం అవసరమా? ఆ డబ్బుతో ఒక నక్షత్రం చోట్లు రెండు వస్తాయి.

#19 బెజవాడ_బఫే
కొంత నిజమే ఈసారి. కానీ "సగం వద్దు" సమస్య కాదు, ఆకులూ దుంపలతో మెనూ వాళ్ళకి కొత్త కాదు. అసలు సమస్య పెయిరింగ్. ఏడెనిమిది గ్లాసులు, ఒక్కోటి 70-80 మి.లీ. అలవాటు లేనివాళ్ళకి అయిదో ప్లేటుకే నాలుక మొద్దుబారుతుంది. ఇద్దరికీ కలిపి ఒక్క పెయిరింగ్ చెప్పి పంచుకుంటామంటే చాలా చోట్ల ఒప్పుకుంటారు. లేదా మద్యం లేని పెయిరింగ్. బోల్జానో పైనున్న రిట్టెన్ కొండ మీద ఒక్కో రకం ఆపిల్‌ని విడివిడిగా పిండి సీసాల్లో పెడతారు, వైన్ గ్లాసులోనే పోస్తారు. ఊరికే తీపి రసం అనుకోకండి, ఒక్కోదాని పులుపు ఒక్కో రకం.

#20 ద్రాక్షపాదు
వైన్‌కి వద్దాం. ట్రమీన్ ఒక్కటే కాదు, మీ ఓర్టిసేయ్‌కి దగ్గరది బ్రిక్సెన్ పక్కన నొయ్‌స్టిఫ్ట్ మఠం. 1142లో పెట్టింది, వైన్ ఇప్పటికీ చేస్తున్నారు. అక్కడ చలి లోయ కాబట్టి తెల్లవైన్‌లే: సిల్వానర్, కెర్నర్. పులుపు నిక్కచ్చిగా ఉంటుంది. బోల్జానోలో మురి-గ్రీస్ మఠం లగ్రైన్‌కి పేరు, ముదురు ఊదా రంగు ఎర్రవైన్. దక్షిణంగా పోతే కాల్టెర్న్ సరస్సు చుట్టూ స్కియావా, జర్మన్‌లో ఫెర్నాచ్. రంగు పల్చన, 14 డిగ్రీల చల్లదనంలో తాగేది. ఎర్రవైన్ అంటే వగరు అని భయపడేవాళ్ళు అక్కడ మొదలుపెట్టాలి. ట్రమీన్‌లో గెవుర్ట్స్‌ట్రమీనర్. గులాబీ, లిచీ వాసన, మనవాళ్ళకి మొదటి వాసనకే నచ్చేస్తుంది. జాగ్రత్త, 14 శాతం పైనే ఉంటుంది, తియ్యగా అనిపిస్తూనే ఎక్కేస్తుంది.

వరస ముఖ్యం. పల్చటి తెల్లవి (పీనో బియాంకో, సిల్వానర్), తర్వాత పులుపూ వాసనా ఎక్కువున్న కెర్నర్, ఆ తర్వాత స్కియావా, పీనో నేరో, లగ్రైన్. గెవుర్ట్స్‌ట్రమీనర్ తెల్లదే అయినా చివర్లో పెట్టమనండి. ముందే తాగితే ఆ గులాబీ వాసన నోరంతా పట్టేసి తర్వాతది నీళ్ళలా ఉంటుంది. మధ్యలో ష్యుట్టెల్‌బ్రోట్ అనే కరకరలాడే రై రొట్టె, నీళ్ళు.

టైం సంగతి. మీరు వెళ్ళేది సరిగ్గా కోతల కాలం. చిన్న రైతుల సెల్లార్‌లలో మీకు తీరిగ్గా చూపించేవాళ్ళు ఉండరు, దారంతా ద్రాక్ష ట్రాక్టర్లే. పెద్ద సహకార సెల్లార్‌లకి దుకాణం వేరే ఉంటుంది, అక్కడ కోతలతో పని లేదు. అక్కడి వైన్‌లో ఎక్కువ భాగం సహకార సంఘాలదే, "సొసైటీ" అనగానే మన రేషన్ డిపో తలుచుకోకండి. టెర్లానో సంఘం 1893 నుంచి ఉంది, తెల్లవైన్‌ని ఏళ్ళ తరబడి నిలవబెట్టి అమ్ముతుంది. మధ్యాహ్నం భోజన విరామం ఉంటుంది, ఆదివారం చాలా వరకు మూత.

#21 మ్యూనిక్_గోంగూర
#20 అదిరింది. ఒకటే వదిలేశారు: గోంగూర మటన్‌కి లగ్రైన్ పడదు, కెర్నరే పడుతుంది. పులుపుకి పులుపే తోడు.

#22 కారప్పొడి_కింగ్
పేరులోనే గోంగూర పెట్టుకున్నావు, వాదించలేం.

#23 పెళ్ళికి_ముందు_బులెట్
మధ్యలో నా ప్రశ్న. మ్యూనిక్ నుంచి కారులో వెళ్తే ఎంతసేపు? మేమిద్దరం అక్టోబర్‌లో అనుకుంటున్నాం.

#24 మ్యూనిక్_గోంగూర
ఆస్ట్రియా మీదుగా బ్రెన్నర్ కనుమ దాటి, కాగితం మీద మూడున్నర గంటలు, శనివారం అయితే దేవుడెరుగు. ఆస్ట్రియా విన్యెట్ (హైవేల రుసుము) కొనాలి, బ్రెన్నర్ ముక్కకి టోల్ వేరే. 2025 నుంచి అక్కడ లూయెగ్ వంతెన దగ్గర చాలా రోజులు ఒక్కో వైపు ఒక్క లేనే వదులుతున్నారు. రైలు నేరుగా బోల్జానోకి నాలుగు గంటలు, ముందు బుక్ చేస్తే చవక. అక్టోబర్‌లో అయితే ఐజాక్ లోయలో ట్యోర్గెలెన్ ఉంటుంది: రైతు ఇంట్లో కొత్త వైన్, కాల్చిన చెస్ట్‌నట్‌లు, కడుపునిండా భోజనం. మిషెలిన్ కన్నా నాకు అదే గొప్ప. కానీ అప్పటికి పైనున్న గుడిసెలు చాలా మూసేస్తారు, లిఫ్టులు నెల మధ్య నుంచి ఒక్కొక్కటే ఆగుతాయి. కొండ, ద్రాక్ష రెండూ కావాలంటే సెప్టెంబరే.

#25 బెజవాడ_బఫే
బోల్జానో, బ్రిక్సెన్ పాత ఊళ్ళలోకి కారు పోనివ్వకండి, జెడ్‌టీఎల్ (అనుమతి లేని కార్లు రాకూడని ప్రాంతం) కెమెరాలు. ఫైన్ నెలల తర్వాత అద్దె కంపెనీ ద్వారా వస్తుంది, వాళ్ళ చార్జీ అదనం. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తప్పనిసరి.

#26 నెల్లూరు_మొలగొలుకులు
అందరికీ దండాలు. ఏజెంట్‌తో గంట వాదించి ఇలా మార్పించాను. మిషెలిన్ డిన్నర్ రాత్రికి ఓర్టిసేయ్ హోటల్ డబ్బు తగ్గించదట, అందుకే ఊళ్ళు విడగొట్టాను.

గురువారం: వెరోనా నుంచి ఓర్టిసేయ్
శుక్రవారం: గ్రాన్ చీర్
శనివారం: సెచేదా లిఫ్ట్, పైన నడక, విశ్రాంతి
ఆదివారం: నొయ్‌స్టిఫ్ట్‌లో టేస్టింగ్, సాయంత్రం బ్రూనికోకి మారి అక్కడే డిన్నర్, అక్కడే పడక
సోమవారం: పొద్దున్నే పిషాదు గైడ్‌తో, రాత్రికి కాల్టెర్న్
మంగళవారం: బస్సులో ట్రమీన్, రెండో రాత్రి కాల్టెర్న్‌లో
బుధవారం: తిరుగు ప్రయాణం

#27 ద్రాక్షపాదు
ఆదివారం టేస్టింగ్ అన్నారు. #20 చివరి లైను చదవండి.

#28 నల్లమల_నడక
దానికన్నా పెద్ద తప్పు: ఆదివారం రాత్రి మూడు గంటల డిన్నర్, పెయిరింగ్, పడుకునేసరికి అర్ధరాత్రి. సోమవారం పొద్దున నిలువు గోడ. వైన్ ఒంట్లో నీళ్ళు లాగేస్తుంది, నిద్ర పల్చన చేస్తుంది, ఎత్తులో ఆ రెండూ ఇంకా కనబడతాయి. పట్టు జారేది కండ లేక కాదు, ఇలాంటి పొద్దుల్లో కొక్కెం సంగతి మరిచిపోయి. చాలామంది గైడ్లు వాసన వస్తే తీసుకెళ్ళరు కూడా. పిషాదు డిన్నర్‌కి ముందు రావాలి, తర్వాత కాదు.

సెప్టెంబర్ మూడో వారంలో సూర్యోదయం 7 దగ్గర, అస్తమయం 7:15 దగ్గర. జులై, ఆగస్టుల్లా రోజూ మధ్యాహ్నం ఉరుముల బెడద ఉండదు గానీ ఉదయం ఉత్తరం వైపు గోడ మీద కేబుల్ గడ్డకట్టినంత చల్లగా ఉంటుంది. వేళ్ళు సగం తెరిచిన తోలు గ్లవ్స్, గట్టి అట్ట ఉన్న బూట్లు. ఒక మంచు పడితే పిషాదు ఆ వారానికి మర్చిపోండి. ఉరుము వినబడితే కేబుల్ మీద ఉండకూడదు, ఇనుము కదా. ప్రాంతీయ వాతావరణ శాఖ కొండలకి విడిగా బులెటిన్ ఇస్తుంది, ముందు రోజు సాయంత్రం అదే చూడండి, ఫోన్‌లోని సూర్యుడి బొమ్మని కాదు.

#29 ఓరుగల్లు_ఓపిక
అట్లయితే అల్కగ జెయ్యి. పిషాదు శనివారం, వాన వస్తె ఆదివారం. శుక్రవారం గ్రాన్ చీర్ చేసి చేతులు నొస్తున్నయంటే పిషాదు మొత్తానికే వద్దు, సెచేదా చాలు. ఆదివారం ఖాళీ ఉంటే సైజర్ ఆల్మ్ పో, కొండ మీది పెద్ద పచ్చిక బయలు. 9 నుంచి సాయంత్రం 5 దాకా ఆ రోడ్డు మీద బయటి కార్లు పోనియ్యరు, ఓర్టిసేయ్ నుంచే కేబుల్ కార్ ఉన్నది, అదెక్కు. నొయ్‌స్టిఫ్ట్ సోమవారం, ఆ రాత్రే బ్రూనికో.

#30 బెజవాడ_బఫే
సోమవారం రాత్రి మూసి ఉండే చోట్లలో మీ డిన్నర్ ఉందేమో ముందు చూడండి. ఉంటే మంగళవారానికి జరిపి కాల్టెర్న్ ఒక్క రాత్రి చేసుకోండి. బుకింగ్ దొరికిన తేదీని బట్టే మిగతా రోజులు కుదరాలి, అదొక్కటే మన చేతిలో లేనిది.

#31 నెల్లూరు_మొలగొలుకులు
చూశాను, మంగళవారం రాత్రికి దొరికింది. శనివారం పిషాదు, ఆదివారం సైజర్ ఆల్మ్, సోమవారం కాల్టెర్న్‌కి మారి మధ్యాహ్నం ట్రమీన్, మంగళవారం దారిలో నొయ్‌స్టిఫ్ట్, రాత్రి బ్రూనికోలో డిన్నర్, పడక. నొయ్‌స్టిఫ్ట్‌లో నేను రెండు రకాలతో ఆపి ఉమ్మేస్తాను, ఆవిడ ఆరూ తాగుతుంది. పెయిరింగ్ ఒకటే, పంచుకుంటాం. ఇన్సూరెన్స్ వాడు రైడర్ ఉంది అంటున్నాడు, రాసిమ్మని మెయిల్ పెట్టాను.

ఇంకొక్కటి: సీసాలు ఎన్ని తెచ్చుకోవచ్చు?

#32 ద్రాక్షపాదు
మన కస్టమ్స్‌లో పన్ను లేకుండా మనిషికి 2 లీటర్లు. 750 మి.లీ.వి రెండు, 375ది ఒకటి పెడితే 1.875, సరిపోతుంది. ఆ 375 చోటులో "పస్సీతో" అనే తియ్యటి వైన్ కొనండి, మామూలుగానే చిన్న సీసాలో వస్తుంది. అన్నీ చెక్-ఇన్ బ్యాగులో, బట్టల మధ్య, మూత బిగువు చూసి.

#33 కారప్పొడి_కింగ్
రిట్టెన్ ఆపిల్ రసం ఈ లెక్కలోకి రాదు కదా?

#34 ద్రాక్షపాదు
రాదు. కిలోల లెక్కలోకి వస్తుంది, గాజు సీసా.